నేను నమాజు చేశానా?

ఆగస్టు 4, సోమవారం

ఇమాం గారు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. చివరిసారి ఇంత రాసింది పదో తరగతి పరీక్షలో, అదీ తప్పాను. ఈ డైరీ గవర్నర్‌పేటలో నేను రాగి తీగ కొనే షాపువాళ్ళు జనవరిలో ఇచ్చింది. ఏడు నెలల పేజీలు ఖాళీగా ఉన్నాయి.

నిన్న సాయంత్రం అసర్ నమాజు తర్వాత మసీదులో ఆయన ఒక్కరే కనిపిస్తే వెళ్ళి కూర్చున్నాను. కోపం తగ్గడానికి ఏదైనా దువా చెప్పండి, తాయెత్తు కట్టినా సరే అన్నాను. మా మేనల్లుడి వయసు ఆయనది. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు.

"తాయెత్తుకి కోపం ఆగదు మౌలాలి గారూ. ఓర్పు లేనివాడు ఓర్పు ఉన్నవాడిలాగా నడుచుకోవాలి. రోజూ నడుచుకోవాలి. కొన్నాళ్ళకి అల్లా నిజంగానే ఇస్తాడు. మీ పని మాత్రం మీరు చెయ్యాలి గదా" అన్నారు.

పద్ధతి కూడా చెప్పారు. కోపం వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూర్చోవాలి. కూర్చున్నా తగ్గకపోతే పడుకోవాలి. ఆ తర్వాత లేచి నమాజుకి ముందు కడుక్కున్నట్టే మొహం, కాళ్ళు, చేతులు కడుక్కుని వజూ చేసుకోవాలి. రోజుకి ఎన్నిసార్లు గొంతు పెంచానో రాసుకోవాలి. ఎవరికీ చూపించక్కర్లేదు, అబద్ధం మాత్రం రాయకూడదు.

అరిచేది అమ్మ మీదే. ఇంట్లో ఇంకెవరూ లేరు. మా ఆవిడ రహీమా పోయి నాలుగేళ్ళయింది, పిల్లలు లేరు. అమ్మకి డెబ్భై ఎనిమిది. మతిమరుపు మొదలై రెండేళ్ళు. ఇప్పుడు నేనెవరో తెలియని రోజులే ఎక్కువ.

శుక్రవారం అమ్మ బాత్రూంలో జారింది. కుడి మణికట్టు కమిలింది. దానికీ ఈ డైరీకీ సంబంధం లేదు.

ఈరోజు: ఆరుసార్లు.

ఆగస్టు 5, మంగళవారం

మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర లోపు అమ్మ జొహర్ నమాజు ఏడుసార్లు చేసింది. సలాం చెప్పి, చాప మడిచి, మంచం మీద కూర్చుంటుంది. రెండు నిమిషాలు కిటికీలోంచి చూస్తుంది. లేచి నా దగ్గరికి వస్తుంది. "బాబూ, నేను నమాజు చేశానా?" అంటుంది.

చేశావమ్మా అంటాను. సరే అని వెళ్తుంది. మళ్ళీ వస్తుంది. చేశావు అంటాను. మూడోసారి చేశావన్నానా అంటాను. నాలుగోసారికి నా గొంతు వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినిపిస్తుంది. నేను అరిస్తే ఆమెకి నా మాట మీద నమ్మకం పోతుంది, వెళ్ళి చాప పరుస్తుంది.

నా పేరు తెలియదు. అన్నం తిన్నదీ లేనిదీ తెలియదు. నమాజులో వంగి లేచే రకాతుల్లో మాత్రం ఒక్కటి తప్పదు. మా ఇంట్లో అందరం తెలుగే, అయ్య పరుపులు కుట్టేవాడు, అమ్మ దూది ఏకేది. అరబ్బీ ఒక్క అక్షరం రానిది పదేళ్ళప్పుడు నమాజంతా ఎవరో ముసలావిడ దగ్గర విని నేర్చుకుందట. అది మాత్రం ఉండిపోయింది.

జూన్‌లో ఒకరోజు ఒంటరిగా బయటికి పోయి ఆటోనగర్ గేటు దగ్గర లారీల మధ్య నిలబడింది. ఎదురింటి అమలమ్మ గారు చూసి తీసుకొచ్చింది. అప్పటి నుంచి షాపుకి తాళం వేసి పని ఇంటికి తెచ్చుకున్నాను. మోటార్లకి కాయిల్ చుట్టే పని. చుట్టేటప్పుడు లెక్క తప్పకూడదు. అరవై నాలుగు చుట్లంటే అరవై నాలుగే, ఒకటి ఎక్కువైనా మోటారు వేడెక్కుతుంది. మిషనుకి లెక్క చూపే మీటరు ఉంది గానీ పాడైంది. నేను ఎప్పుడూ నోటితోనే లెక్కపెడతాను. మధ్యలో ఎవరైనా పలకరిస్తే అంతా విప్పి మళ్ళీ మొదలు.

ఐదుసార్లు.

ఆగస్టు 6, బుధవారం

ఒకసారి.

అబద్ధం. మూడుసార్లు.

ఆగస్టు 8, శుక్రవారం

అమలమ్మ గారు పొద్దున్నే వచ్చి అమ్మకి స్నానం చేయించి పోతుంది. ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసి రిటైరైంది. ఆవిడ లేకపోతే నా వల్ల అయ్యేది కాదు. వారం రోజులు కూతురి దగ్గరికి వెళ్ళి ఈరోజే వచ్చింది.

స్నానం అయ్యాక అమ్మకి జడ వేసి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ నిలబడింది. వెళ్ళదేంటా అనుకున్నాను.

"చెయ్యి ఏమైంది బాబూ?"

"జారింది, బాత్రూంలో."

"జారితే మోచెయ్యి గీరుకుంటది. మోకాలు దోక్కుపోద్ది. మణికట్టు చుట్టూ లోపలేపు నాలుగు మచ్చలు, బయటేపు ఒకటి పడవు."

నేను కాయిల్ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ తువ్వాలు దండెం మీద ఆరేసి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు బెడ్‌పాన్లు మోసినంత మాత్రాన డాక్టరైపోయిందా అనుకున్నాను. చర్చిలో ప్రార్థనకి వెళ్ళొచ్చేవాళ్ళకి ఎదురింటి విషయాలు ఎందుకనుకున్నాను. ఇంకా చాలా అనుకున్నాను, అవి రాయను.

ఆవిడ మా అక్కకి ఫోన్ చేసినట్టుంది. సాయంత్రం బందరు నుంచి జాన్‌బీ అక్క ఫోన్. వచ్చే నెల మొదటి వారంలో వస్తానంది. "అమ్మ ఒంటి మీద ఇంకో మచ్చ కనపడిందంటే నాతో తీసుకుపోతానురా. మళ్ళీ నీ మొహం చూపించను" అంది. జారిందే అన్నాను. ఊ అంది.

అమ్మని తీసుకుపోతే నాకేముంది ఈ ఇంట్లో, రాగి తీగ తప్ప.

ఆగస్టు 9, శనివారం

జారింది. జారుతుంటే నేను పట్టుకోబోయాను. గట్టిగా పట్టుకోవడం వల్ల కమిలింది. అక్కకి అలా చెబితే సరిపోయేది.

ఆగస్టు 12, మంగళవారం

అబద్ధం రాయకూడదన్నారు. రెండుసార్లు రాశాను. జారలేదు. నేను పట్టుకోబోనూ లేదు.

ఆ శుక్రవారం నేను జుమా నమాజు చేసి వచ్చాను. అత్తరు వాసన ఇంకా చొక్కాకి ఉంది. యాభై ఎనిమిదో చుట్టు దగ్గర ఉన్నాను, అప్పటికే రెండుసార్లు విప్పాను. అమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. నమాజు చేశానా అంది. నేను ఆమె మణికట్టు పట్టుకుని చాప దాకా ఈడ్చుకుపోయాను. "ఇదిగో, ఇక్కడే చేశావు. ఏడుసార్లు చేశావు. ఇంకెన్నిసార్లు చేస్తావు?" అని అరిచాను. చెయ్యి వదల్లేదు. ఎంతసేపు వదల్లేదో తెలియదు.

అమ్మ ఏడవలేదు. "సరేనండీ" అంది.

నన్ను అండీ అంది. ఎవరో పెద్దమనిషి కేకలేస్తే పనిమనిషి అన్నట్టు అంది. రెండు నిమిషాల తర్వాత అదంతా మర్చిపోయి, చెయ్యి రుద్దుకుంటూ వచ్చి, మళ్ళీ అదే అడిగింది.

మర్నాడు ఆమె ముసుగు జారితే సర్దుదామని చెయ్యి ఎత్తాను. రెండు చేతులతో తల కప్పుకుంది. ఆమెకి శుక్రవారం గుర్తులేదు. నేను గుర్తులేను. చెయ్యి లేస్తే తల కప్పుకోవాలని గుర్తుంది. నమాజు ఎక్కడ దాచుకుందో ఇదీ అక్కడే దాచుకుందనుకుంటాను.

ఒక్కసారి. ఒక్కసారే జరిగింది.

ఆగస్టు 13, బుధవారం

కోపం వచ్చినప్పుడల్లా వజూ చేశాను. పదకొండుసార్లు. మధ్యాహ్నానికి ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి. మోటారు వేద్దామంటే కరెంటు లేదు. అప్పుడు కూడా కోపం వచ్చింది, వజూకి నీళ్ళు లేవు. మంచం మీద పడుకుని ఫ్యాను వైపు చూశాను, అదీ తిరగడం లేదు.

రెండుసార్లు అరిచాను. నిజం.

ఆగస్టు 15, శుక్రవారం

ఆటోనగర్ అంతా సెలవు, జెండాలు. జుమా అయ్యాక ఇమాం గారి దగ్గర ఆగిపోయాను. మణికట్టు సంగతి చెప్పలేదు. అమ్మ నమాజుల సంగతి చెప్పాను. నేను అబద్ధం చెప్పడం లేదు గదా, చేసింది కాబట్టి చేశావని చెబుతున్నాను, అదీ తప్పేనా అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. "మతి లేని మనిషి మీద లెక్క ఉండదు మౌలాలి గారూ. అమ్మగారు ఒకసారి చేసినా, పదిసార్లు చేసినా, అసలు చెయ్యకపోయినా ఆమెని అడిగేవాళ్ళు లేరు. ఆమె అడిగినప్పుడు మీ జొహర్ అయిపోయి ఉంటుందా?"

నేను చేసేది జుమా నమాజు, రెండు పండగలు. అది ఆయనకీ తెలుసు, మసీదులో చెప్పులు లెక్కపెట్టే ముసలాయనకీ తెలుసు.

"మరింకేం. ఆమె అడిగినప్పుడు ఇంకా కాలేదమ్మా అనండి. మీకు కాలేదు గదా, అది నిజమే. మీరు ముందు నిలబడండి, అమ్మగారు వెనక నిలబడతారు."

"మళ్ళీ అడుగుతుందండీ. ఏడుసార్లు అడుగుతుంది."

"ఎన్నేళ్ళ నుంచి వదిలేశారు మీరు నమాజులు?"

ముప్పై ఏళ్ళు అన్నాను. ఇంకా ఎక్కువే.

"అవన్నీ కజా చేసుకోవాలి. తప్పిపోయినవి ఒక్కొక్కటే తీర్చుకోవాలి. ఒంటరిగా అయితే ఎవరికీ కుదరదు, బద్ధకిస్తారు. మిమ్మల్ని రోజుకి ముప్పైసార్లు లేపే మనిషి ఇంట్లోనే ఉన్నారు. ఆమె అడిగినప్పుడల్లా ఒక కజా చేసుకోండి" అన్నారు.

నేను కోపం తగ్గే మార్గం అడగడానికి వెళ్ళి రోజుకి ముప్పై నమాజులు నెత్తిన పెట్టుకుని వచ్చాను. దారిలో ఆయన మీద కూడా కోపం వచ్చింది.

ఆగస్టు 16, శనివారం

జొహర్. నేను మరిచిపోయి అమ్మ పక్కనే చాప వేశాను. అల్లాహు అక్బర్ అని చేతులు చెవుల దాకా ఎత్తాను. పక్కన అమ్మ వంగిపోయి తల కప్పుకుంది.

నమాజు వదిలేసి బయట అరుగు మీద కూర్చున్నాను. నా చెయ్యి దేవుడి కోసం లేచినా ఆమెకి ఒకటే. యా అల్లా, నేనేం చేశాను.

తర్వాత లోపలికి వెళ్ళి చాప ముందుకు జరిపాను. నా వీపు ఆమె వైపు ఉండేలా, నెమ్మదిగా చేతులు ఎత్తాను. వెనక ఆమె గుసగుస వినిపించింది. ఖురాన్ సూరా చదువుతోంది. నాకు మధ్యలో మాటలు తప్పితే వెనక నుంచి అందించింది.

ఆగస్టు 19, మంగళవారం

మోకాళ్ళు వాచాయి. యాభై రెండేళ్ళ మోకాళ్ళు, ముప్పై ఏళ్ళుగా పీట మీద కూర్చుని తీగ చుట్టినవి. రోజుకి పంతొమ్మిది నమాజులు. పని సగం కూడా కావడం లేదు.

అమ్మ మీద అరవలేదు. మొవ్వ నుంచి వెంకటసుబ్బారావు గారు ఫోన్ చేశారు, ఊడ్పులు ఆగిపోయాయి, పొలంలో నీళ్ళు తోడాలి, మోటారు ఎప్పుడిస్తావు అని. ఆయన మీద అరిచాను. పెద్దాయన, పాతికేళ్ళుగా నా దగ్గరికే వస్తున్నాడు. "ఏమయ్యా మౌలాలీ, ఒంట్లో బాలేదా?" అన్నాడు. దీన్ని లెక్కలో వెయ్యాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

ఒకటి.

ఆగస్టు 21, గురువారం

మిషను మీటరు విప్పి చూశాను. లోపల చిన్న స్ప్రింగు ఊడింది. పెట్టేశాను. అరగంట కూడా పట్టలేదు. ఇప్పుడు ఎవరు ఎప్పుడు పలకరించినా నలభై ఒకటి దగ్గర ఆపితే నలభై ఒకటి దగ్గరే ఉంటుంది.

ఏడాది నుంచి పాడై ఉంది. జూన్ నుంచి లెక్క తప్పినందుకు నేను అమ్మని తిడుతున్నాను.

ఆగస్టు 24, ఆదివారం

సున్నా.

ఆగస్టు 25, సోమవారం

సున్నా. తెల్లవారుజామున ఫజర్‌కి నేనే లేచాను, అజాన్ ఇంకా కాకముందే. అమలమ్మ గారు వచ్చేసరికి టీ పెట్టాను, ఆవిడకీ ఇచ్చాను. తీసుకుంది. మణికట్టు మచ్చలు పసుపు రంగుకి తిరిగాయి, ఇంకో వారంలో పోతాయి.

ఆగస్టు 26, మంగళవారం

సున్నా. ఇక నాకు వచ్చేసింది అనుకుంటున్నాను. ఇంత సులువా.

ఆగస్టు 28, గురువారం

వెంకటసుబ్బారావు గారి మోటారు. మూడు రోజుల పని. కాయిల్స్ అన్నీ గాడుల్లో కూర్చోబెట్టి, దారాలతో కట్టి, వార్నిష్ పొయ్యడానికి బయట ఎండలో పెట్టి డబ్బా కోసం వీధిలోకి వెళ్ళాను. పది నిమిషాలు. తిరిగి వచ్చేసరికి అమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని తీగంతా పీకేస్తోంది. వేళ్ళతో పీకి, దులిపి, పక్కన కుప్ప పోస్తోంది. దూది ఏకినట్టు ఏకుతోంది. "గింజలున్నాయి బాబూ ఇందులో" అంది నన్ను చూసి.

నా చెయ్యి లేచింది. సర్దడానికి కాదు. ఈసారి ఎందుకు లేచిందో నాకు తెలుసు.

అమ్మ తల కప్పుకుంది. చేతుల మధ్య నుంచి "కొట్టకండి, కొట్టకండి, చేస్తాను" అంది.

నేను కూర్చున్నాను. నిలబడి ఉంటే కూర్చోవాలి. కూర్చున్నా కొట్టాలనే ఉంది, ఇది రాస్తున్నాను, కొట్టాలనే ఉంది. పడుకున్నాను. తీగ కుప్ప పక్కన, అరుగు మీద, వీధిలో అందరూ చూస్తుండగా వెల్లకిలా పడుకున్నాను. ఇస్త్రీ బండి మనిషి లేచి నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాను. ఏడుపు వచ్చింది.

కాసేపటికి నుదుటి మీద చెయ్యి. "ఏం బాబూ, ఒంట్లో బాలేదా? ఎండలో పడుకున్నావేం?" అమ్మ మర్చిపోయింది. ముసుగు కొసతో నా మొహం తుడిచింది. నా తల కింద తన చాప మడిచి పెట్టింది. "లేచి నమాజు చేసుకో, తగ్గుద్ది. చేశావా?"

లేదమ్మా అన్నాను.

ఆగస్టు 29, శుక్రవారం

ఒక్కసారే అని రాశాను పన్నెండో తేదీన. ఒక్కసారికే ఒళ్ళు అంత నేర్చుకోదు. మే నెల నుంచి. మేలో వీపు మీద ఒకటి, అన్నం ఉమ్మిందని. జూన్‌లో గేటు దగ్గర నుంచి తెచ్చిన రోజు చెంప మీద. జూలైలో రెండు. ఇంకోటి కూడా ఉందేమో, గుర్తు లేదు. ఆమె మతిమరుపు నాకు చాలా పనికొచ్చింది. పొద్దున కొట్టి మధ్యాహ్నం అన్నం పెడితే, నువ్వు మంచోడివి బాబూ అనేది, నేను అవునని నమ్మేవాణ్ణి.

సున్నాలు వరసగా రాసుకుని సంతోషపడ్డాను. చెయ్యి మాత్రం అదే చెయ్యి.

ఆగస్టు 31, ఆదివారం

తీగ మళ్ళీ చుట్టాను. మీటరు ఉంది కాబట్టి లెక్క తప్పలేదు. గొంతు పెంచలేదు. రాయాలని లేదు.

సెప్టెంబరు 3, బుధవారం

అక్క ఆదివారం వస్తుందట. మచ్చలు పూర్తిగా పోయాయి. అమ్మ కాస్త ఒళ్ళు చేసింది కూడా. ఏమీ చెప్పకపోతే ఏమీ ఉండదు.

సెప్టెంబరు 7, ఆదివారం

అక్కా బావా కారులో పదింటికి వచ్చారు. అక్క వస్తూనే అమ్మ రెండు చేతులూ తిప్పి చూసింది. రవికె చేతులు పైకి జరిపి చూసింది. లోపలికి తీసుకెళ్ళి వీపు చూసింది. ఏమీ లేవు. బయటికొచ్చి మెత్తబడింది. మధ్యాహ్నం నేను ముందు నిలబడి, అమ్మా అక్కా వెనక నిలబడి జొహర్ చేశాం. అక్క నన్ను నమాజులో చూసి ఎన్నేళ్ళయిందో. సలాం చెప్పి తిరిగేసరికి కళ్ళు తుడుచుకుంటోంది.

"బానే చూసుకుంటున్నావురా. నేనే తొందరపడ్డాను. ఇక్కడే ఉండనీ అమ్మని. ఆ ఆయా మాట విని ఏదో అన్నాను, మనసులో పెట్టుకోకు" అంది.

అమలమ్మ గారు అప్పుడే గిన్నె ఇవ్వడానికి గుమ్మంలోకి వచ్చి ఉంది. విన్నది. గిన్నె గట్టు మీద పెట్టి నా వైపు చూసింది. ఆ చూపులో తిట్టు లేదు. తిట్టి ఉంటే నేను ఊరుకునేవాణ్ణేమో.

"ఆవిడ చెప్పింది నిజమే అక్కా" అన్నాను.

చెప్పాను. మే నుంచి అన్నీ. చెంప, వీపు, మణికట్టు, పది రోజుల కింద లేచిన చెయ్యి. బావ బయటికి వెళ్ళి కారు దగ్గర నిలబడ్డాడు. అక్క అంతా విని అడిగింది.

"ఇప్పుడెందుకు చెప్తన్నావు? చెప్పకపోతే నాకు తెలిసేది కాదు గదరా."

"మళ్ళీ లేస్తుందేమోనని భయమేస్తోంది. అప్పుడు పడుకున్నాను. ప్రతిసారీ పడుకోగలనో లేదో నాకే తెలియదు."

అక్క నన్ను కొట్టింది. చెంప మీద, ఎడమ చేత్తో. తర్వాత బీరువా తీసి అమ్మ బట్టలు సర్దింది. ఆ పూట ఎవరూ అన్నం తినలేదు. అమ్మ తన చాప తనే చుట్టి చంకలో పెట్టుకుంది, ఇవ్వమంటే ఇవ్వలేదు. కారులో కూర్చున్నాక అద్దంలోంచి తల బయటికి పెట్టి, నన్ను పిలిచి, "బాబూ, నేను నమాజు చేశానా?" అంది.

నేను చెప్పేలోపు బావ కారు పోనిచ్చాడు.

సెప్టెంబరు 8, సోమవారం

జొహర్ పోయింది. ఎవరూ అడగలేదు.

సెప్టెంబరు 9, మంగళవారం

అన్నీ పోయాయి.

సెప్టెంబరు 12, శుక్రవారం

జుమాకి కూడా వెళ్ళలేదు. ఇమాం గారు ఫోన్ చేశారు, తియ్యలేదు. నాకు అలవాటైందనుకున్నాను. అది అమ్మ అలవాటు. ఆమె లేస్తే నేను లేచాను, అంతే. మూడు వారాలు మోకాళ్ళు అరగదీసుకుని నేర్చుకున్నదేమీ లేదు.

ఇంట్లో అరవడానికి ఎవరూ లేరు కాబట్టి సున్నా. ఈ సున్నా నా మొహాన కొట్టడానికి కూడా ఎవరూ లేరు.

సెప్టెంబరు 13, శనివారం

మంచం కింద అమ్మ తస్బీహ్ పూసల దండ దొరికింది. వెంకటసుబ్బారావు గారు మోటారు బాగా నడుస్తోందని ఫోన్ చేశారు. అక్క ఫోన్ తియ్యడం లేదు.

సెప్టెంబరు 15, సోమవారం

మధ్యాహ్నం మిషను తిప్పుతున్నాను. ముప్పై ఏడు దగ్గర ఆగాను. ఎందుకాగానో ముందు తెలియలేదు. భుజం బరువుగా అనిపించింది, తల తిప్పి చూశాను, ఎవరూ లేరు. గడియారం ఒంటి గంట ఇరవై. ఆ వేళకి ఆమె రెండోసారి వచ్చేది.

"నేను నమాజు చేశానా?" అని పైకే అన్నాను. ఖాళీ ఇంట్లో నా గొంతు నాకే సిగ్గేసింది.

లేదు అన్నాను. లేచాను.

సెప్టెంబరు 19, శుక్రవారం

ఐదు పూటలూ, నాలుగు రోజులు. రోజుకి రెండు కజాలు. ఎక్కువ చెయ్యను. ఇమాం గారికి మొదటిసారి అంతా చెప్పాను. నేను లేవబోతుంటే, "అమ్మగారిని చూడ్డానికి వెళ్ళండి. అక్కగారు గుమ్మంలోనే ఆపేస్తే గుమ్మంలోనే కూర్చోండి" అన్నారు.

సెప్టెంబరు 21, ఆదివారం

బస్సు ఉయ్యూరు దాటేదాకా దిగిపోదామనే అనుకున్నాను. బందరులో దిగి, అక్క ఇంటికి నడిచి, గుమ్మంలో నిలబడ్డాను. అక్క చాలాసేపు చూసింది. "కాళ్ళు కడుక్కో" అంది.

అమ్మ వరండాలో కుర్చీలో ఉంది. నన్ను చూసి ముసుగు సర్దుకుంది. "ఎవరండీ?" అంది. అక్క ఏదో చెప్పబోతే వద్దని సైగ చేశాను. అసర్ అజాన్ అయింది. "నమాజు చేశానా?" అని అక్కని అడిగింది. ఇంకా లేదు, రండి అన్నాను నేను. జీవితంలో మొదటిసారి అమ్మని రండి అన్నాను.

ముందు నేను, వెనక వాళ్ళిద్దరూ. నా మాట ఎక్కడా తప్పలేదు, అమ్మ అందించాల్సిన పని పడలేదు. అయ్యాక నేను వాళ్ళ వైపు తిరిగి కూర్చున్నాను. అక్క పొయ్యి మీద పాలు చూడ్డానికి వెళ్ళింది.

"మీరు మసీదు నుంచి వచ్చారాండీ?" అంది అమ్మ.

"అవునమ్మా."

అమ్మ వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించింది. "మా అబ్బాయొకడు ఉన్నాడండీ, బెజవాడలో. చెడ్డోడు కాదు. చెయ్యి విసురు వాడికి. వాళ్ళ అయ్యదీ అంతే." నా వైపు కాస్త వంగింది. "వాడి కోసం దువా చెయ్యండి. నేను చేద్దామంటే మర్చిపోతన్నాను."

ఆమెకి తెలుసు. పేరు పోయింది, మొహం పోయింది, ఇది పోలేదు. ఇన్నాళ్ళూ ఆమె మర్చిపోతుందని నమ్మి బతికాను.

"మీ అబ్బాయి పేరేంటమ్మా?"

చాలాసేపు వెతుక్కుంది. పెదాలు కదిపింది. "మౌలాలి" అంది.

దువా కోసం రెండు చేతులూ ఎత్తాను. ఆమె ఎదురుగా, మూరెడు దూరంలో. ఎత్తాక గుర్తొచ్చింది, దించేద్దామనుకున్నాను. అమ్మ నా చేతుల వైపు చూసింది. ఆమె చేతులు కూడా లేచాయి. తల మీదికి వెళ్ళలేదు. నా చేతుల ఎదురుగా, గుండెల దగ్గర, దోసిలిగా ఆగాయి. మర్చిపోయిందో, ఒళ్ళు మానుకుందో, నేనెవరో తెలియకపోవడం వల్లనో నాకు తెలియదు.

మౌలాలి చెయ్యి ఇక ఎవరి మీదా లేవకూడదని అడిగాను. పైకే అడిగాను, తెలుగులో. ఆమీన్ అంది అమ్మ.

అక్క గుమ్మంలో పాలగ్లాసుతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. "తీసుకుపోతావా?" అంది మెల్లగా.

వద్దన్నాను. ఇంకా వద్దు. ఆదివారం ఆదివారం నేనే వస్తాను, నువ్వు ఇంట్లో ఉన్నప్పుడే వస్తాను అన్నాను. అక్క గ్లాసు నా చేతికిచ్చింది.

అమ్మ చాప మడిచి, కుర్చీలో కూర్చుని, వీధిలోకి చూసింది. రెండు నిమిషాలు. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏమండీ, నేను నమాజు చేశానా?"

పాలు పక్కన పెట్టి చాప పరిచాను.